మారిన ముఖంతో పరిచయం

తన ముఖాన్ని తన కళ్ళతో నేరుగా చూసుకోగలిగిన మనిషి లోకంలో లేడు. చేతులు కనబడతాయి, పాదాలు కనబడతాయి. ముఖం మాత్రం కనబడదు. దానిని అద్దంలో చూసుకుంటాము, ఛాయాచిత్రంలో చూసుకుంటాము, ఎదుటివారి చూపులో కదిలే ఆదరాన్ని బట్టీ అనాదరాన్ని బట్టీ ఊహించుకుంటాము. అయినా "నేను" అనుకొన్నప్పుడు మన మనసులో మెదిలేది ఆ ముఖమే. ఏళ్ళ తరబడి అలవాటు పడిన ఆ రూపం ఒకనాటి ఉదయానికి మారిపోతే మనిషి పరిస్థితి ఏమిటి? ఇది కథలలో వినే కామరూప విద్యకు సంబంధించిన ప్రశ్న కాదు. దవడ ఎముకల వంకరను సరిచేసే శస్త్రచికిత్స చేయించుకొన్న వారికి నిజంగా ఎదురయ్యే ప్రశ్న. ఈనాటి ప్రసంగంలో దానిని గూర్చి కొంత ఆలోచిద్దాము.

ముందుగా ఈ చికిత్స ఎవరికి అవసరమో చెప్పుకోవాలి. కొందరికి కింది దవడ ముందుకు పొడుచుకొని వస్తుంది. కొందరికి వెనుకకు నొక్కుకొని పోతుంది. మరికొందరికి నోరు మూసినా ముందు పళ్ళు కలియవు. చిన్నతనంలో కింద పడి గడ్డానికి దెబ్బ తగిలి, దవడ కీలు అతుక్కుపోయి, నోరు తెరవలేక, దవడ ఎదగక మిగిలిపోయిన పిల్లలు కూడ మన దేశంలో ఉన్నారు. వీరి బాధ కేవలం అందానికి సంబంధించినది కాదు. ముద్ద సరిగా నమలలేరు. కొన్ని అక్షరాలు స్పష్టంగా పలకవు. దవడ మరీ వెనుకకు పోయిన వారికి నిద్రలో ఊపిరి అడ్డుపడవచ్చును. వీటికి తోడు బడిలో తోటిపిల్లలు తగిలించిన వెక్కిరింపు పేరు ఉండనే ఉంటుంది.

ఎముకల ఎదుగుదల ముగిసిన తరువాతనే సాధారణంగా ఈ చికిత్స చేస్తారు. చాలామందికి ముందు ఏడాదో ఏడాదిన్నరో పళ్ళకు తీగలు బిగించి వరుస సరిచేస్తారు. తరువాత పూర్తిగా మత్తు ఇచ్చి, నోటి లోపలి నుంచే కోసి, ఎముకను విడదీసి, కొద్ది మిల్లీమీటర్లు జరిపి, టైటేనియం పలకలతో, మరలతో బిగిస్తారు. పని ముగియడానికి కొన్ని గంటలు చాలును. మన విశాఖపట్నంలోని దంతవైద్య కళాశాలలలో కూడ ముఖ, దవడ శస్త్రచికిత్సా విభాగాలు ఉన్నవి. కనుక ఇది ఎక్కడో విదేశాల ముచ్చట కాదు. మన వీధిలో, మన బంధువుల ఇంట సంభవించే విషయమే.

ఈ విద్యకు చరిత్ర ఉన్నది. బాల్యంలో కాలిన గాయం వల్ల మెడ చర్మం ముడుచుకొని, దవడ రూపు చెడిన ఒక యువతికి అమెరికాలో సైమన్ హల్లిహెన్ అనే వైద్యుడు ఎముక కోసి సరిచేసిన వృత్తాంతం 1849లో ప్రకటితమైనది. 1957లో రిచర్డ్ ట్రౌనర్, హ్యూగో ఒబ్‌వెగెసర్ అనే వైద్యులు ప్రకటించిన పద్ధతితో ఈ విద్య కొత్త దారి పట్టినది. కింది దవడ ఎముకను నిలువుగా రెండు పొరలుగా చీల్చి, ఒర నుంచి కత్తిని కొద్దిగా లాగినట్లు, ఒక పొరపై మరొక పొరను జరపడం ఆ పద్ధతి. బయట మచ్చ పడదు. ఎముకకు ఎముక వెడల్పుగా తగిలి ఉండడం వల్ల చక్కగా అతుకుతుంది.

ఎముక అతకడానికి ఇంచుమించు 6 నుంచి 8 వారాలు పడుతుందని వైద్యులు లెక్క చెప్పగలరు. మనసు అతకడానికి ఎన్ని వారాలో చెప్పడం అంత తేలిక కాదు. మొదటి ప్రపంచ యుద్ధంలో ముఖాలు ఛిద్రమైన సైనికుల కొరకు ఇంగ్లండులోని సిడ్‌కప్‌లో 1917లో ఒక వైద్యశాల వెలసినది. హెరాల్డ్ గిలీస్ అనే శస్త్రవైద్యుడు అక్కడ వేలాది ముఖాలను తిరిగి తీర్చిన బృందానికి నాయకుడు. ఆ వైద్యశాల నుంచి ఊరిలోనికి పోయే బాటలో కొన్ని బల్లలకు నీలిరంగు వేసినారు. ఆ బల్లలపై కూర్చున్నవారిని చూచి తుళ్ళిపడవద్దని ఊరివారికి అది ఒక హెచ్చరిక. గాయం రోగిదే అయినా, దానికి అలవాటు పడవలసిన బాధ్యతలో చూసేవారికి కూడ వాటా ఉన్నదని ఆ బల్లలు చెప్పక చెప్పినవి.

దవడ చికిత్స చేయించుకొన్నవారిని యుద్ధంలో గాయపడినవారితో సమానం చేయడం నా ఉద్దేశం కాదు. అయితే చికిత్స తరువాత మొదటిసారి అద్దం చూసుకొనే క్షణం అందరికీ కఠినమైనదే. రెండవ, మూడవ రోజులకు వాపు పరాకాష్ఠకు చేరుతుంది. బుగ్గలు పొంగి, పెదవులు ఉబ్బి, చర్మం కమిలి ఉంటుంది. కోరుకొన్న రూపమూ కాదు, పాత రూపమూ కాదు. మూడవది ఏదో అద్దంలో నిలబడుతుంది. ఆనాడు ఆ ముఖాన్ని బట్టి తీర్పు చెప్పుకోరాదు. వాపులో పెద్ద భాగం కొన్ని వారాలలో తగ్గినా, ముఖరేఖలు పూర్తిగా కుదుటపడడానికి 6 నెలల నుంచి ఏడాది వరకు పట్టవచ్చును.

ఇక కింది పెదవికి, గడ్డానికి స్పర్శ ఇచ్చే నరం దవడ ఎముక లోపలి నుంచే పోతుంది. అందువల్ల కింది దవడను జరిపినప్పుడు ఆ భాగం మొద్దుబారడం సాధారణం. చాలామందికి వారాలలో, నెలలలో తిరిగి వస్తుంది. కొందరికి కొంత మొద్దు ఎప్పటికీ నిలిచిపోవచ్చును. ఈ సంగతి చికిత్సకు ముందే వైద్యుణ్ణి అడిగి తెలుసుకోవడం అవసరం. మజ్జిగ చుక్క గడ్డం మీదికి జారినా తెలియదు. రూపం కొత్తది కావడమే కాదు, తాకితే కూడ అది తనది కాదన్నట్లు ఉంటుంది. రాగిజావ, పప్పుకట్టు, మెత్తగా చిదిపిన అన్నం, వీటితో 6 వారాలు గడపవలసి వస్తుంది. ఇంటిల్లిపాది ఆవకాయ కలుపుకొని తింటూ ఉంటే ఎదురుగా గ్లాసు పట్టుకొని కూర్చోవడం చిన్న పరీక్ష ఏమీ కాదు.

వాపు తగ్గి, వైద్యులు తృప్తిపడి, బంధువులు మెచ్చుకొన్నా, కొందరు "ఇది నేను కాదు" అని అద్దం ముందు నిలబడి దిగులు పడతారు. దానికి కారణం చికిత్సలో లోపమే కానక్కరలేదు. రేడియోలో పనిచేసే మాకు దీనికి చాలా దగ్గరి అనుభవం ఒకటి తెలుసు. మొదటిసారి స్టూడియోకు వచ్చినవారికి వారి గొంతు రికార్డు చేసి వినిపిస్తే, నూటికి తొంభైమంది "ఇది నా గొంతేనా?" అని ముఖం చిట్లిస్తారు. మన గొంతు మనకు గాలి ద్వారానే కాక తల ఎముకల ద్వారా కూడ వినబడుతుంది. లోకం వినే గొంతు వేరు, మనం వినే గొంతు వేరు. పక్కనున్న మిత్రుడు మాత్రం "అచ్చం నీ గొంతే గదా" అంటాడు. నాలుగైదు సార్లు విన్న తరువాత ఆ కొత్తదనం పోతుంది.

ముఖం విషయంలోను ఇంతే. 1977లో అమెరికాలోని విస్కాన్సిన్‌లో మనస్తత్వ శాస్త్రజ్ఞులు ఒక ప్రయోగాన్ని ప్రకటించినారు. ఒకే వ్యక్తి ఫోటోను ఉన్నది ఉన్నట్లుగా ఒకటి, అద్దంలో వలె కుడియెడమలు తారుమారు చేసి ఒకటి ముద్రించి చూపినారు. ఆ వ్యక్తులలో ఎక్కువమంది తమ అద్దపు రూపాన్నే కోరుకొన్నారు. వారి స్నేహితులు అసలు రూపాన్ని కోరుకొన్నారు. మనకు నచ్చేది చాలావరకు మనకు అలవాటైనదే అని దీని వల్ల తేలుతున్నది. కుడి ఎడమైతేనే మనసు ఇంత తేడా పట్టుకొంటుంటే, ఎముకే జరిగినప్పుడు పట్టుకోదా? మాక్స్‌వెల్ మాల్ట్జ్ అనే శస్త్రవైద్యుడు 1960లో ప్రకటించిన గ్రంథంలో, కొత్త ముఖానికి అలవాటు పడడానికి సాధారణంగా కనీసం 21 రోజులు పడుతుందని వ్రాసినాడు. ఆ "కనీసం" అనే మాటను మనం మరువరాదు. అది గడువు కాదు. 22వ నాడు కూడ అద్దం పరాయిదిగా ఉంటే అది తప్పేమీ కాదు.

ఇంతవరకు చెప్పినది రోగిని గూర్చి. ఇప్పుడు ఇంటివారిని గూర్చి చెప్పవలసి ఉన్నది. మన ఇండ్లలో బిడ్డ పుట్టగానే మొదట అడిగే ప్రశ్న "ఎవరి పోలిక?" అని. దవడ తీరు వంశంలో దిగివచ్చేదని లోకానికి తెలుసు. ఐరోపాలో హాబ్స్‌బర్గు రాజవంశం వారి పొడుచుకువచ్చిన కింది దవడ తరతరాల చిత్రపటాలలో కనబడుతుంది; 1700లో మరణించిన స్పెయిన్ రాజు రెండవ చార్లెసు ముఖంలో అది బాగా స్పష్టం. రాజుల ఇంటనే కాదు, మన ఇండ్లలోను "తాతగారి గడ్డం", "మేనమామ మూతి" అని చెప్పుకొంటూనే ఉంటాము. ఆ పోలిక చికిత్సతో చెరిగిపోతే?

మల్కాపురం ప్రాంతంలో నాకు తెలిసిన ఒక కుటుంబం ఉన్నది. తండ్రి షిప్‌యార్డులో పనిచేసి కాలం చేసినాడు. కుమారునికి తండ్రి దవడే వచ్చినది. పళ్ళు కలియక, ముద్ద నమలలేక, ఉద్యోగంలో చేరిన తరువాత ఆ అబ్బాయి చికిత్స చేయించుకొన్నాడు. తల్లి అడ్డు చెప్పలేదు. నెలన్నరపాటు జావ కాచి పోసినది ఆమే. ఒకనాడు మాత్రం గోడ మీది ఫోటో వంక చూచి, "మీ నాన్న గెడ్డం ఇంక నీలో కనపడదురా" అన్నది. అబ్బాయి సమాధానం చెప్పలేకపోయినాడు. బడిలో పడిన వెక్కిరింపు పోతుందని అతడు అనుకొన్నాడే కాని, దానితోపాటు ఇంటిలో ఇంకొకరిది ఏదో పోతుందని అతనికి తోచలేదు. ఆ తల్లి మాట నింద కాదు, ఆ కుమారుని దిగులు కృతఘ్నత కాదు. కావాలని విడిచినదానికి కూడ మనిషి దుఃఖపడవచ్చును. ఆ దుఃఖాన్ని ఇద్దరూ కలిసి పడడానికి ఇంటిలో చోటు ఉంటే చాలును. కొన్ని నెలల తరువాత ఆమె నాతో, "అన్నం దగ్గర కూర్చునే తీరు మాత్రం వాళ్ళ నాన్నదే బాబూ" అన్నది. వెతికితే పోలిక ఒక ఎముకలోనే లేదని ఆమెకు తోచినది.

విశాఖ వాసులకు ఈ సంగతి సులభంగా బోధపడాలి. ఈ ఊరి ముఖం ఎన్నిసార్లు మారలేదు? 1933లో రేవు ప్రారంభమైనది. 1941లో ఓడల నిర్మాణ కేంద్రానికి, 1971లో ఉక్కు కర్మాగారానికి శంకుస్థాపనలు జరిగినవి. పాత ఊరు ఎరిగిన పెద్దలు ప్రతిసారీ కొంత దిగులు పడినారు. అయినా సముద్రం మీది నుంచి వచ్చేవారు డాల్ఫిన్ నోస్ కొండను చూచి ఇది విశాఖే అని గుర్తుపడుతూనే ఉన్నారు.

ఇక పలుకరించే తీరును గూర్చి రెండు మాటలు. చికిత్స చేయించుకొన్నవారి ఎదుట "అయ్యో, ముందే బాగుండేదానివి గదా" అనడం తగదు. "ఇప్పుడు మనిషిలా ఉన్నావు" అనడం అంతకన్న తగదు. నిన్నటి వరకు ఏమని అనుకొన్నట్లు? ఆడపిల్ల అయితే "పెళ్ళి సంబంధాల కోసమేనా?" అనే ప్రశ్న తప్పదు. ఆమె హాయిగా భోజనం చేయడం కోసమేమో అని ఎవరికీ తోచదు! "నొప్పి తగ్గినదా? ఏమి తినగలుగుతున్నావు?" అని అడిగితే చాలు. రూపాన్ని గూర్చిన మాట వారే ఎత్తనివ్వండి. పాత ఫోటోలను దాచవద్దు, చింపవద్దు. ఆ ముఖంతోనే వారు నడక నేర్చినారు, చదువుకొన్నారు.

చికిత్సకు సిద్ధపడుతున్నవారు ఒక ప్రశ్న వేసుకోవాలి: ఇది ఎవరి కొరకు? నమలడం, పలకడం, తన తృప్తి, ఇవి దవడ ఇవ్వగలిగిన ఫలాలు. ఉద్యోగం, సంబంధం, గౌరవం, ఇవి దవడను జరిపినంత మాత్రాన రావు. కంప్యూటరులో ముందుగా చూపే బొమ్మ అంచనాయే గాని హామీ కాదు. వీలైతే ఇదివరకే చేయించుకొన్న ఒకరితో మాట్లాడడం మేలు. వాపు తగ్గిన తరువాత గుర్తింపు కార్డులలో, ఆధార్‌లో ఫోటో మార్పించుకోవాలి. రేవులోనో, కర్మాగారంలోనో ద్వారం దగ్గర ప్రతి ఉదయం "ఈ ఫోటో నీదేనా?" అనే ప్రశ్నకు జవాబు చెప్పుకోవడం పుండు మీద కారం వంటిది.

వారాలు గడిచినా నిద్ర పట్టక, ఎవరినీ చూడబుద్ధి కాక, దిగులు ముదురుతూ ఉంటే ఆ సంగతి శస్త్రవైద్యునికి చెప్పాలి. మానసిక వైద్యుణ్ణి సంప్రదించడానికి సంకోచం వద్దు. భారత ప్రభుత్వం 2022లో ప్రారంభించిన టెలి మానస్ సేవకు 14416 అనే సంఖ్యపై ఫోను చేసి తెలుగులోనే మాట్లాడవచ్చును.

ఈ ప్రసంగం వింటున్నవారిలో ఎందరికో నా ముఖం తెలియదు. తెలియకపోయినా మనకు పరిచయం ఉన్నది. ముఖం లేకుండ పరిచయం ఏర్పడగలిగినప్పుడు, ముఖం మారితే ఉన్న పరిచయం ఎందుకు పోవాలి? కట్లు విప్పుకొని ఇంటికి వచ్చినవారు మొదటి రోజులలో మాట స్పష్టంగా లేక తడబడతారు. విసుగు పడక వినండి. పేరు పెట్టి, ఎప్పటివలెనే పిలవండి. అద్దం చెప్పలేని భరోసా ఆ పిలుపు చెబుతుంది.