చెప్పుకునే చోటు లేని ప్రేమలు
(ఒక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



పల్లెల్లో పది, ఇంటర్ చదివే పిల్లలకు మంచి సంబంధం అంటే ఏమిటో తెలియదనీ, మనమే వెళ్ళి నేర్పాలనీ అనుకుంటాం. వాళ్ళను స్నేహం గురించి అడిగి చూడండి. మంచి స్నేహితురాలు రహస్యం బయటపెట్టదు, బలవంతం చెయ్యదు, అలిగినా మళ్ళీ మాట్లాడుతుంది అని తడుముకోకుండా చెబుతారు. ప్రేమ దగ్గరికొచ్చేసరికి వేరే కొలత తీస్తారు. ఎవరితో మాట్లాడావని రోజూ నిలదీసేవాడు 'నామీద ప్రాణం పెట్టుకున్నాడు'. పెళ్ళి దగ్గరికొస్తే అదీ పోతుంది. తాగకుండా, కొట్టకుండా ఉంటే చాలు, మంచి మొగుడే.

సినిమాలు చెడగొట్టాయని తేలిగ్గా అనేస్తాం. వద్దన్నా వెంటపడేవాణ్ణి హీరోని చేసిన పాపం వాటికి ఉంది. కానీ ఇల్లు నేర్పింది అంతకంటే ఎక్కువ. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో, చెప్పకుండా బయటికెళ్ళడం, అత్తమామలను గౌరవించకపోవడం వంటి ఏడు కారణాలు చెప్పి, వీటికి భర్త కొట్టడం సబబేనా అని అడిగారు. ఆంధ్రప్రదేశ్‌లోనూ తెలంగాణలోనూ దాదాపు 84 శాతం స్త్రీలు ఏదో ఒక కారణానికి సబబే అన్నారు. (తల్లులను తప్పుపట్టడానికి చెప్పడం లేదు. సబబు కాదంటే వాళ్ళు వెళ్ళడానికి చోటేది?)

నన్ను ఎక్కువ కలవరపెట్టేది ఇంకొకటి. పల్లెలో ఈ ప్రేమలన్నీ రహస్యంగానే సాగుతాయి. బయటపడితే చదువు మాన్పించి పెళ్ళి చేసేస్తారు. 20-24 ఏళ్ళ స్త్రీలలో 18 నిండకుండానే పెళ్ళయినవాళ్ళు ఆంధ్రప్రదేశ్‌లో 29 శాతం, తెలంగాణలో 23 శాతం పైనే అని అదే సర్వే చెబుతోంది. కులాలు వేరైతే ప్రాణాలకే ముప్పు. ఆ భయమే కుర్రవాడికి ఆయుధం అవుతుంది. 'ఫోటోలు మీ అన్నకు పంపిస్తా' అంటే చాలు, ఆ పిల్ల దెబ్బలు కూడా దాచుకుంటుంది.

పోనీ, టీచరమ్మతో చెప్పుకోవచ్చు కదా అంటారా? 2012 నాటి పోక్సో చట్టం 18 లోపువారి సమ్మతిని గుర్తించదు. ఆ చట్టం కింద నేరం జరిగిందని తెలిసినవాళ్ళు పోలీసులకు చెప్పి తీరాలని 19వ సెక్షన్. చెప్పకపోతే శిక్ష. పసివాళ్ళపై అత్యాచారాలకు ఈ నిబంధన ఎంత అవసరమో నాకు తెలుసు. కానీ ఇష్టపడి దగ్గరై, ఇప్పుడు వాడి బెదిరింపుల నుంచి బయటపడాలనుకునే 17 ఏళ్ళ పిల్లకు టీచరు, ఏఎన్ఎం, మనం, అందరం పోలీసు స్టేషనుకు దారే అయ్యాం. స్టేషనుకు తెలిస్తే ఇంట్లో తెలిసినట్టే. సమ్మతి వయసు తగ్గించవద్దనీ, 16-18 మధ్యవారి కేసుల్లో శిక్ష విషయంలో జడ్జికి విచక్షణ ఇవ్వాలనీ 2023లో లా కమిషన్ సిఫారసు చేసింది. శిక్ష దాకా వెళ్ళకుండా ఆ పిల్ల మాట వినేదెవరో అందులోనూ తేలలేదు.

అందుకే పాఠాలు, పోస్టర్లు తయారుచేసే ముందు రెండు పనులు చెయ్యమని అడుగుతున్నాను. మొదటిది, మగపిల్లలనూ కూర్చోబెట్టి స్నేహం నుంచే మాట మొదలుపెట్టండి. ఇదే పని నీ స్నేహితుడు చేస్తే ఊరుకుంటావా అని అడగండి. రెండోది, ఏ పిల్లయినా నోరు విప్పకముందే, మనం ఏది దాచగలమో, ఏది దాచలేమో ఆమెకు స్పష్టంగా చెప్పండి. ఎంతవరకు చెప్పాలో ఆమె నిర్ణయించుకుంటుంది.