అంగీఠీలో కనబడని గాలి
(వార్షిక సభలో చేసిన ప్రసంగ పాఠం)



దహనం అంటే వస్తువు ప్రాణవాయువుతో కలిసి వేడి, వెలుగు ఇవ్వటం. గాలి ధారాళంగా ఉంటే బొగ్గులోని కర్బనం కార్బన్ డయాక్సైడ్ అవుతుంది. గాలి చాలకుంటే కార్బన్ మోనాక్సైడ్ పుడుతుంది. దీనికి రంగు లేదు, వాసన లేదు. రక్తంలోని హీమోగ్లోబిన్‌ను ప్రాణవాయువు కన్నా 200 రెట్లకు పైగా గట్టిగా పట్టుకుంటుంది. ఇక ఒంటికి ప్రాణవాయువు అందేదెట్లా?

బెల్లంపల్లి, మందమర్రి, గోదావరిఖని గనుల్లో పనిచేసినవారికి ఇది కొత్త సంగతి కాదు. గనిలో బొగ్గు తనంతట తానే వేడెక్కి రాజుకుంటుంటే ముందుగా జాడ తెలిపేవాటిలో ఈ గాలి ఒకటి. అక్కడ కొలిచే పరికరాలుంటాయి. మన ఇండ్లల్లో ఏమున్నాయి?

షాదీలో దమ్ కోసం దేగ్ మీద నిప్పులు పోసేది ఆరుబయట గనుక చింత లేదు. చిక్కంతా ఆదిలాబాద్ చలిలోనే. తలుపులు బిగించి, అంగీఠీ పక్కన పెట్టుకుని పడుకుంటాం. పొగ రావటం లేదు గదా అని ధైర్యం! నిప్పులు ఎర్రగా కణకణలాడుతున్నా ఆ గాలి వస్తూనే ఉంటుంది.

తలనొప్పి, వికారం, కళ్లు తిరగటం ఇంట్లో అందరికీ ఒకేసారి వస్తే అజీర్తి అనుకోవద్దు. తలుపులు తెరిచి, మనిషిని బయటికి తెచ్చి, 108కి ఫోను చేయండి. అంగీఠీని మాత్రం పడుకోక ముందే వాకిట్లో పెట్టండి.