ఎండాకాలంలో మేడ మీది తోట

(జోనల్ కార్యాలయ సిబ్బంది సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



మనలో చాలామందికి మేడ మీదో, బాల్కనీలోనో పది కుండీలైనా ఉన్నాయి. మార్చి దాకా అవి ముచ్చటగానే ఉంటాయి. ఏప్రిల్, మే నెలల్లోనే అసలు పరీక్ష. రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయని పెద్దలు ఊరికే అనలేదు. రోలే పగిలే ఎండలో నల్ల ప్లాస్టిక్ కుండీలో ఇరుక్కున్న వేరు సంగతి వేరే చెప్పాలా?

ముందుగా ఒక చిక్కు ప్రశ్న. బోర్లు ఎండిపోయి, అపార్ట్‌మెంటు అంతా కలిసి ట్యాంకర్లు కొనుక్కునే రోజుల్లో మొక్కలకు నీళ్లు పోయడం న్యాయమా అని పక్క ఫ్లాటువారు అడుగుతారు. అది సబబైన ప్రశ్నే. లెక్క చూద్దాం. పన్నెండు అంగుళాల కుండీకి నడి వేసవిలో రోజుకు సుమారు లీటరున్నర నీళ్లు పడతాయనుకుంటే, ముప్పై కుండీలకు 45 లీటర్లు. అంటే దాదాపు మూడు బకెట్లు. ఇందులో ఎంత భాగం కొన్న నీళ్లు కాకుండా చూసుకోగలం అన్నదే మన పని.

బియ్యం, పప్పు, కూరలు కడిగిన నీళ్లు పారబోయకండి. ఉప్పు వేయనివి, పులియకముందు, ఏ రోజువి ఆ రోజే పోయండి. ఏసీ గొట్టం కింద బకెట్ పెట్టండి. ఆ నీటిలో లవణాలు దాదాపు ఉండవు, మొక్కలకు మంచిది. గాలిలో తేమ ఎక్కువుండే కోస్తా ఊళ్లలో రాత్రంతా ఏసీ నడిస్తే బకెట్ నిండే అవకాశమూ ఉంది. ఆర్‌ఓ యంత్రం వదిలేసే నీళ్లతో మాత్రం జాగ్రత్త. అందులో లవణాలు ఎక్కువ. రోజూ అవే పోస్తే మట్టి మీద తెల్లటి పొర కడుతుంది, ఆకుల కొసలు మాడతాయి. ఆ నీళ్లు నేల తుడవడానికి వాడుకుని, ఆదా అయిన మంచి నీళ్లు మొక్కలకివ్వండి.

ఇక పోసిన నీళ్లు ఆవిరి కాకుండా చూడాలి. ఎండుటాకులు, వరిగడ్డి, కొబ్బరిపీచు, వేరుశనగ పొట్టు, వీటిలో ఏది దొరికితే అది కుండీ మట్టి మీద రెండంగుళాల మందాన పరచండి. కాండానికి మాత్రం ఆనకూడదు, కుళ్లుతుంది. కుండీలను దూరదూరంగా కాక దగ్గరగా చేర్చండి. ఒకదాని నీడ ఒకదానికి పడుతుంది. కాలిన స్లాబు మీద నేరుగా పెట్టకుండా కింద ఇటుకలు పెట్టండి. కూరగాయ మొక్కలకు పైన యాభై శాతం నీడనిచ్చే షేడ్‌నెట్ కట్టండి. గాలి ఆడేలా ఎత్తుగా కట్టాలి సుమా. మల్లె, కాగితంపూలు, ఎడారి గులాబీ ఎండను ఇష్టపడేవే. వాటికి వల అక్కర్లేదు.

పెద్ద తొట్టెలో ఒక పాత మట్టికుండను మూతి దాకా పాతిపెట్టి నీళ్లు నింపి మూత పెట్టండి. కుండ గోడల్లోంచి నీరు మెల్లగా ఊరి వేళ్లకే అందుతుంది. మట్టి తడిగా ఉంటే ఊట తగ్గుతుంది, ఎండితే పెరుగుతుంది.

నీళ్లు పోసే వేళ ఉదయం ఏడింటిలోపు. చిన్న కుండీలకు సాయంత్రం మరోసారి. పైపులో నిలిచిన నీళ్లు ఎండకు సలసల కాగి ఉంటాయి. వాటిని ముందు బకెట్లోకి వదలండి. మధ్యాహ్నం ఆకులు వాలిపోయాయని కంగారుపడి నీళ్లు గుమ్మరించేవారున్నారు. వేలు రెండంగుళాలు మట్టిలోకి దింపి చూడండి. తడి తగిలితే ఆగండి. సాయంత్రానికి ఆకు తనే తేరుకుంటుంది. తడి మీద తడి పోస్తే వేరు కుళ్లి చస్తుంది. ఎండకు చచ్చిందనుకుంటాం.

టమాటా పూత రాలిపోతోందని చాలామంది ఎరువు వేస్తారు. పగటి వేడి 35 డిగ్రీలు దాటితే పుప్పొడి దెబ్బతిని కాయ నిలవదు. అది ఎరువు లోపం కాదు. నడి ఎండల్లో ఎరువులు, కొమ్మ కత్తిరింపులు, కుండీ మార్పులు మానుకోండి. కాయలు కావాలంటే బెండ, గోరుచిక్కుడు, ఆకుకూరల్లో తోటకూర, బచ్చలి, గోంగూర వేసుకోండి. పిండినల్లి కనిపిస్తే లీటరు నీటికి 5 మిల్లీలీటర్ల వేపనూనె, రెండు చుక్కల సబ్బు కలిపి సాయంత్రం మాత్రమే చల్లండి. ఎండలో చల్లితే ఆకు మాడుతుంది.

రెండు హెచ్చరికలు. తడిసిన మట్టి ఒక ఘనమీటరు బరువు టన్నున్నరకు పైమాటే. పెద్ద తొట్టెలను స్లాబు నడుమ కాక గోడల వెంబడి, దూలాల మీదుగా పెట్టండి. కుండీల కింది పళ్లేల్లో నీళ్లు వారంపాటు నిలిస్తే డెంగీ దోమకు అది చాలు. వారానికొకసారి వాటిని ఒంపి, రుద్ది ఆరబెట్టండి.

మన శాఖల ఆవరణల గురించీ ఒక మాట. అక్కడ మొక్కలకు నీళ్లు పోసేది ఎక్కువగా కాంట్రాక్టు సిబ్బంది. మిగతా పనులన్నీ అయ్యాక, పట్టపగలు పన్నెండు గంటలకు వాళ్లు పైపు పట్టుకుని నిలబడటం మనం చూస్తూనే ఉన్నాం. ఆ వేళ పోసిన నీరు మొక్కకూ సరిగా అందదు, మనిషికీ వడదెబ్బ ప్రమాదం. ఉదయం తాళాలు తీయగానే ఆ పని అప్పగించండి. దానికి మేనేజరుగారి ఒక్క మాట చాలు, బడ్జెట్ అక్కర్లేదు. చెట్ల మొదళ్ల చుట్టూ సిమెంటు వేసిన చోట దాన్ని తీయించండి. ఢిల్లీలో చెట్టు చుట్టూ మీటరు మేర కాంక్రీటు తొలగించాలని జాతీయ హరిత ట్రిబ్యునల్ 2013లోనే ఆదేశించింది.

ఇది బదిలీల కాలం కూడా. లారీలో సామానుతోపాటు కుండీలు ఎక్కిస్తే ఆ వేడిగాలికి చాలావరకు దారిలోనే పోతాయి. కరివేపాకు, తులసి, మల్లె తొట్లను ఇక్కడి మిత్రుల కిచ్చి, విత్తనాలు మాత్రం కాగితంలో మడిచి పట్టుకెళ్లండి. మృగశిర కార్తెలో తొలకరి పడ్డాక కొత్త ఊళ్లో విత్తుకోవచ్చు. వెళ్లేవారు ఈ వారంలోగా చెబితే, ఆ కుండీలు తీసుకోవడానికి ఇక్కడ ఉండిపోయేవాళ్లం సిద్ధం.