గోల్ఫు ఆట – జీవనోపాధి

ఉప్పల్ పేరు చెప్పగానే ఎవరికైనా ముందుగా స్ఫురించేది క్రికెట్టు. అక్కడి స్టేడియంలో 2005లో మొదటి అంతర్జాతీయ వన్డే పోటీ జరిగినది. ఆదివారంనాడు నాచారం పారిశ్రామికవాడలో తలుపులు మూసిన షెడ్ల ముందర పిల్లలు ఆడేదికూడా ఆ ఆటే. అటువంటి చోట నివసించే నేను గోల్ఫును గూర్చి ప్రసంగించబూనడం మీకు కొంత వింతగా తోచవచ్చు. అందుకు కారణం ముందుగా మనవి చేస్తాను.

మా వీధిలో లేతుయంత్రంమీద పనిచేసే కార్మికుడొకాయన ఉన్నాడు. ఆయన కుమారుడు ఇంటర్మీడియేటు ముగించి, ఒకనాటి సాయంకాలం తండ్రిని వెంటబెట్టుకొని మా ఇంటికి వచ్చినాడు. "సారూ, నా స్నేహితుడొకడు గోలకొండ వైపు గోల్ఫు ఆడేవారి సంచులు మోస్తున్నాడు. నన్నుకూడా రమ్మంటున్నాడు. పోనా?" అని అడిగినాడు. తండ్రి అందుకొని, "సంచి మోయడంకూడా ఒక ఉద్యోగమేనా సార్? వీనికి మీరైనా చెప్పండి" అన్నాడు. ముప్పదియేండ్లు బడిలో పాఠాలు చెప్పిన నాకు ఆనాడు సమాధానం తోచలేదు. తరువాత విచారించి తెలుసుకొన్నదే ఈ ప్రసంగం.

ఆట స్వరూపం క్లిష్టమైనదేమీ కాదు. చిర్రగోనె ఆడిన ప్రతివానికీ ఇది సగం తెలిసినట్లే. నలుబదియారు గ్రాములకు మించని చిన్న బంతిని కర్రతో కొట్టి, దూరాన నేలలో ఉన్న గుంటలో పడవేయాలి. గుంట వెడల్పు 108 మిల్లీమీటర్లు. అటువంటి గుంటలు పదునెనిమిది. అన్నిటిలో ఎవరు తక్కువ దెబ్బలతో బంతిని పడవేస్తే వారు గెలిచినట్లు. ఆటగాడు తనవెంట పదునాలుగు కర్రలవరకు ఉంచుకోవచ్చును. ఆ కర్రల సంచిని మోసి, బంతి పడినచోటు కనిపెట్టి, గాలివాటు చూచి, ఏ కర్ర తీయాలో సలహా చెప్పేవాడే క్యాడీ. అంటే మోత ఆ పనిలో సగమే. తక్కిన సగం ఆలోచన.

ఆ ఆలోచనే కొందరిని ఎక్కడికో చేర్చినది. ఢిల్లీ గోల్ఫు క్లబ్బులో క్యాడీగా ఉండిన అలీ షేర్ 1991లో ఇండియన్ ఓపెన్ పోటీ గెలిచినాడు. వృత్తి క్రీడాకారులలో ఆ పోటీ గెలిచిన మొదటి భారతీయుడు ఆయనే. 1993లో మరల గెలిచినాడు. కలకత్తాలో 1829లో వెలసిన రాయల్ కలకత్తా క్లబ్బులో పచ్చిక సాకే ఉద్యోగి కుమారుడు ఎస్.ఎస్.పి. చౌరాసియా. తండ్రి నీరుపెట్టిన గడ్డిమీద ఆట నేర్చి, 2008లో ఇండియన్ మాస్టర్స్‌ను, 2016, 2017 సంవత్సరాలలో వరుసగా ఇండియన్ ఓపెన్‌ను గెలిచినాడు.

వీరికంటె ముందువాడు ఒకడున్నాడు. నా మనస్సులో ఎక్కువగా నిలిచినవాడు ఆయనే. మన తెలుగువారితోపాటు వేలాది భారతీయులు చెరకుతోటల కూలికి వెళ్ళిన నేటాలులో, డర్బనులో పుట్టిన సెవ్‌సంకర్ సెవ్‌గోలం. పాప్వా అని ఆయనను పిలిచేవారు. ఆయనకూడా క్యాడీయే. కర్రమీద చేతులు అందరికి తలక్రిందులుగా పట్టేవాడు. ఆ పట్టుతోనే 1959, 1960, 1964లలో డచ్ ఓపెన్ గెలిచినాడు. 1963లో స్వదేశంలో నేటాల్ ఓపెన్ గెలిచిననాడు, తెల్లవారి క్లబ్బు భవనంలో అడుగుపెట్టే హక్కు లేనందువలన, బహుమతిని బయట వానలో తడుస్తూ అందుకొన్నాడు. ఆట గెలిచినవానికి గడప దాటే అనుమతి లేకపోయినది!

మన దేశపు క్లబ్బులలో ఆనాటి వర్ణవివక్ష లేదు, నిజమే. అయినా గడప ఉన్నది. కొన్నేండ్ల క్రితం నేను ఒక క్లబ్బు చూడబోతే ద్వారపాలకుడు నా వయస్సు అడుగలేదు, పని అడుగలేదు. చొక్కాకు కాలరు ఉన్నదా అని మాత్రం చూచినాడు. అదృష్టవశాత్తు ఉన్నది.

కీర్తి పొందిన ముగ్గురిని చూపి పిల్లవానిని పంపడం న్యాయం కాదు. క్యాడీకి నెలజీతపు భరోసా అరుదు. వాన వస్తే ఆట లేదు, ఆట లేకపోతే కూలి లేదు. నడుమునొప్పి మాత్రం ఉంటుంది. ఆ మాట తండ్రితో దాచకుండా చెప్పినాను. కాని ఆ మైదానంలో ఉన్న ఉద్యోగం అదొక్కటే కాదు.

మొదటిది గడ్డి. నవ్వకండి. ఉష్ణదేశాల గోల్ఫు మైదానాలలో విశేషంగా పెంచే బెర్ముడా గడ్డి మరేదో కాదు, వినాయకచవితినాడు మనం పూజచేసే గరికే! దాని సంకరజాతులను గుంటచుట్టూ ఉండే గ్రీనుమీద పెంచి, మూడు నాలుగు మిల్లీమీటర్ల ఎత్తున కత్తిరిస్తారు. తెల్లవారకముందే కోత ముగియాలి. ఒకేచోట అడుగులుపడి నేల గట్టిపడకుండా గుంటను తరచుగా తీసి మరియొక చోట అమర్చాలి. వేళ్ళకు గాలి సోకడానికి నేలను సన్నగా పొడిచి, ఇసుక చల్లాలి. ఏ ఉదయాన తేమ ఎంత ఉంటే ఏ తెగులు వస్తుందో కనిపెట్టాలి. ఇది వ్యవసాయశాస్త్రమే; పంట మాత్రం ఇంటికి రాదు. రాజేంద్రనగరులో వ్యవసాయం చదివిన యువకుడు ఈ విద్య నేర్వకూడదా? ఆ కోతయంత్రపు కత్తులను వెండ్రుకవాసి తేడా లేకుండా సానపట్టేవాడు ఎవడు? నాచారంలో లేతుముందర నిలిచే మా పొరుగాయనవంటివాడే. ఆ మాట చెప్పినప్పుడు ఆయన మొదటిసారి కుర్చీలో ముందుకు జరిగి కూర్చున్నాడు.

ఆట నేర్పే గురువులకు శిక్షణ ఇచ్చి యోగ్యతాపత్రాలు ఇచ్చే జాతీయ గోల్ఫు అకాడమీ ఉన్నది. కర్రలను ఆటగాని పొడవును, ఊపును బట్టి సరిచేసేవారు, పోటీలలో నియమాలు చూచేవారు, లెక్కలు వ్రాసేవారు, ఇందరు కావాలి.

ఇందరికి పని దొరకాలంటే ఆడేవారు పెరగాలి. ఇది క్లబ్బులవారు ఆలోచించవలసిన విషయం. గోలకొండ నయా ఖిల్లాలో, శతాబ్దాల వయస్సుగల బావోబాబు మహావృక్షం ఉన్న ఆ కోటలో, హైదరాబాదు గోల్ఫు సంఘంవారి మైదానం ఉన్నది. విశాఖపట్టణంలో ఈస్ట్ పాయింట్ క్లబ్బు చాల పాతది. ఇటువంటి సంస్థలకు సభ్యుల చందాలే ఆధారం. సభ్యులు వృద్ధులవుతారు; వారి పిల్లలు అమెరికా వెళ్తారు. కొత్తవారిని పిలువని క్లబ్బు దీపం క్రమంగా సన్నగిల్లుతుంది.

పిలవడం ఎట్లు? ఢిల్లీలో లాడో సరాయ్ దగ్గర ఢిల్లీ అభివృద్ధి సంస్థవారు సభ్యత్వంతో నిమిత్తం లేకుండా, రుసుము చెల్లించి ఎవరైనా ఆడుకొనే ప్రజామైదానం నడుపుతున్నారు. అది ఒక మార్గం. ఇక ఈ ఆటలో హాండీకాపు అని ఒక చక్కని ఏర్పాటున్నది. అన్నదమ్ముల పరుగుపందెంలో చిన్నవానిని పది అడుగులు ముందర నిలబెట్టినట్లు, నేర్పు తక్కువైనవానికి కొన్ని దెబ్బలు మినహాయిస్తారు. అందువలన తాత మనుమనితో, కొత్తవాడు ప్రవీణునితో న్యాయంగా పోటీపడవచ్చును. ఇంత ఉదారమైన నియమం మైదానంలో పెట్టుకొని వాకిట అంత కాఠిన్యం ఎందుకో నాకు బోధపడదు. వారానికొక ఉదయం బడిపిల్లలకు కేటాయించి, పాత కర్రలు కురుచచేసి చేతికిస్తే క్లబ్బుకు పోయేదేమున్నది?

ఆడపిల్లలను మరువరాదు. బెంగుళూరులో పెరిగిన అదితి అశోక్ 2021లో జరిగిన టోక్యో ఒలింపిక్సులో నాలుగవ స్థానం పొందినప్పుడు, గోల్ఫు ఎరుగని ఇండ్లలోకూడా తెల్లవారుజామున టెలివిజను వెలిగినది. 2023లో అమెరికాలో పి.జి.ఏ. టూరు పోటీ గెలిచిన సాహిత్ తీగల మన తెలుగు దంపతుల బిడ్డ. కాలిఫోర్నియాలో పుట్టినందువలన అతనికి మైదానం దగ్గరయినది. నాచారంలో పుట్టినవానికి అది నగరానికి ఆవలి అంచున ఉన్నది.

పదునెనిమిది గుంటల మైదానానికి నూరు, నూటయాభై ఎకరాలు పడుతుంది. నేల గజాల లెక్కన అమ్ముడయ్యే ఉప్పల్‌లో దానిని కోరడం అత్యాశ. కోరితే నేనే ఒప్పుకోను. కాని బంతులు కొట్టి అభ్యసించే చిన్న ప్రాంగణానికి పది పదిహేను ఎకరాలు చాలును. గడ్డికి మంచినీరు పోయనక్కరలేదు. పక్కన అంబరుపేటలో మురుగునీటిని శుద్ధిచేసే కేంద్రం ఉన్నది. స్థలం ప్రభుత్వానిది, నిర్వహణ క్లబ్బులది, రుసుము సినిమా టిక్కెట్టుకు మించనిది. ఈ మూడు కుదిరితే చాలును.

ఇక మా వీధి పిల్లవాని మాట. డిగ్రీలో చేరి, శని ఆదివారాలు మాత్రం మెట్రోరైలు ఎక్కి పోతున్నాడు. మొన్న కనబడి, సంచి మోయడం మానలేదనీ, తెల్లవారుజామున గడ్డికోతవారితోకూడా నిలబడి చూస్తున్నాననీ చెప్పినాడు. తండ్రి ఇంకను పూర్తిగా సమ్మతించలేదు. కాని పోయిన వారం నాదగ్గరకు వచ్చి, ఆ కోతయంత్రపు కత్తి ఏ ఉక్కుతో చేస్తారని అడిగినాడు.