అటక మీది వీణ
(తిరువూరు పెన్షనర్ల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



రిటైరయ్యాక మా అమ్మగారి వీణను అటక మీంచి దించాను. మెట్ల కింద మైనం జారిపోయింది, తీగలు తుప్పుపట్టాయి. పిల్లలు కొత్తది కొనుక్కుందామన్నారు. నేను మాత్రం నూజివీడు తీసుకెళ్లాను. బొబ్బిలిలాగే అక్కడా తరతరాలుగా వీణలు చేస్తున్నారు కదా!

అక్కడి పెద్దాయన కుండ నుంచి దండి దాకా చేత్తో తడిమి చూశారు. ఎక్కడా అతుకు లేదు, కర్ర చార తెగలేదు. “ఒకే పనస దుంగలో తొలిచిన ఏకాండి వీణండీ ఇది, పారేయకండి” అన్నారు. మైనం, గుగ్గిలం, మసి కలిపిన ముద్ద పరిచి, 24 మెట్లనూ ఒక్కొక్కటిగా స్వరం చూసుకుంటూ నిలబెట్టారు. నాలుగు వాయించే తీగలు, మూడు తాళపు తీగలు కొత్తవి కట్టారు. మెరుపు కోసం కర్రను గీకించవద్దని, పలచబడితే నాదం మారుతుందని హెచ్చరించారు.

అమ్మ వాయించే రోజుల్లో నాకు ఆఫీసు ఫైళ్లే లోకం. ఒక్కనాడూ తీరికగా కూర్చుని వినలేదు. ఇప్పుడు అదే వీణపై మనవరాలు సరళీ స్వరాలు వాయిస్తుంటే ఎదురుగా కూర్చుంటున్నాను.

మీ అటకలూ ఒకసారి చూడండి. పాత వీణ ఉంటే, అమ్మేముందు, రంగు వేయించేముందు, తెలిసినవారికి చూపించండి.

సెలవు.