బ్యాట్ ఓనర్ ఇంటికెళ్లిపోతే? – అమెరికా, యునెస్కో కథ

గల్లీ క్రికెట్ ఆడిన ప్రతి ఒక్కరికీ బ్యాట్ ఓనర్ అనే క్యారెక్టర్ తెలుసు. ఔట్ ఇచ్చారంటే చాలు, బ్యాట్ చంకలో పెట్టుకుని ఇంటికెళ్లిపోతాడు. దేశాలు కూడా ఇలా చేస్తాయా? చేస్తాయి.

యునెస్కో అంటే మనలో చాలామందికి పాత కట్టడాలకు గుర్తింపు ఇచ్చే సంస్థగానే తెలుసు. కానీ అది పుట్టిన కారణం వేరు. రెండో ప్రపంచ యుద్ధం ముగిసిన కొద్ది నెలలకే, 1945 నవంబర్‌లో, చాలా దేశాలు లండన్‌లో కూర్చుని దాని నిబంధనావళి రాసుకున్నాయి. సంతకాలు పెడితే యుద్ధం ఆగుతుంది కానీ జనాల మధ్య అపనమ్మకం పోదు. అది పోవాలంటే చదువు, సైన్సు, సంస్కృతి కలిసి పంచుకోవాలి. ఇదీ ఆలోచన. ఆ నిబంధనావళి ముందుమాటలో అమెరికన్ కవి ఆర్చిబాల్డ్ మెక్లీష్ చెయ్యి ఉంది. స్వాతంత్ర్యం రాకముందే మన దేశం కూడా చేరింది. 1948లో యునెస్కో కార్యనిర్వాహక మండలికి అధ్యక్షుడు ఎవరో తెలుసా? ఒకప్పుడు ఆంధ్ర విశ్వవిద్యాలయానికి వీసీగా చేసిన సర్వేపల్లి రాధాకృష్ణన్!

అంటే, ఈ పిచ్ తయారు చేసినవాళ్లలో అమెరికా కూడా ఉంది. మరి తర్వాత ఏం జరిగింది?

1984 చివర్లో, ఇక్కడ రాజకీయాలు ఎక్కువయ్యాయి, డబ్బు దుబారా అవుతోంది అంటూ బయటికెళ్లిపోయింది. 2003లో తిరిగొచ్చింది. 2011లో పాలస్తీనాకు పూర్తి సభ్యత్వం ఇవ్వాలా వద్దా అని ఓటింగ్ జరిగింది. 107 దేశాలు ఇవ్వాలన్నాయి, మనది కూడా అందులో ఒకటి. వద్దన్నవి 14. పాలస్తీనాను సభ్యదేశంగా చేర్చుకున్న ఐక్యరాజ్య సమితి సంస్థలకు డబ్బివ్వకూడదని అమెరికాలో పాత చట్టం ఉంది. దాంతో యునెస్కో బడ్జెట్‌లో 22 శాతం ఒక్కసారిగా ఆగిపోయింది. 2018 చివర్లో మళ్లీ బయటికి. 2023లో మళ్లీ లోపలికి. 2025 జూలైలో మళ్లీ వెళ్లిపోతున్నామని ప్రకటన. అమలు తేదీ 2026 డిసెంబర్ 31.

ఇక్కడ అమెరికా వాదన కూడా వినాలి. మా జనం కట్టే పన్నుతో నడిచే సంస్థని మేం ప్రశ్నించకూడదా? కచ్చితంగా ప్రశ్నించాలి. 1980ల్లో యునెస్కో నిర్వహణ మీద వచ్చిన విమర్శల్లో నిజం ఉంది. సంస్కరణలు జరిగాయి కాబట్టే 2003లో తిరిగొస్తున్నామని అమెరికా కూడా చెప్పింది.

కానీ 2011 తర్వాత డబ్బు ఆపి సాధించిందేంటి? పాలస్తీనా ఇప్పటికీ సభ్యదేశమే. అమెరికాకు మాత్రం ముందు ఓటు హక్కు పోయింది. బకాయి 60 కోట్ల డాలర్లు దాటింది. 2023లో తిరిగి రావడానికి దాన్ని తీరుస్తామని ఒప్పుకోవాల్సి వచ్చింది. మేం లేకపోతే ఆ ఖాళీని చైనా నింపేస్తోందని చెప్పింది కూడా అమెరికా అధికారులే. కుర్చీ వదిలేస్తే మీటింగ్ ఆగదు కదా!

సరే బ్రో, ఇందులో మనకేంటి అంటారా? రెండు విషయాలు చెప్తా.

ఒకటి, 2004 డిసెంబర్ 26 సునామీ. ఆ తర్వాత హిందూ మహాసముద్ర దేశాలన్నిటికీ ఉమ్మడి హెచ్చరిక వ్యవస్థ వచ్చింది. దాన్ని సమన్వయం చేసేది యునెస్కోలోని సముద్ర విజ్ఞాన కమిషన్. హెచ్చరిక సమాచారం పంపే కేంద్రాల్లో ఒకటి మన హైదరాబాద్‌లోని ఇన్‌కాయిస్. అలలకి సరిహద్దులు తెలీవు. ఇండోనేషియా పక్కన సముద్రం కింద భూమి కదిలితే, ఆ కబురు మన మత్స్యకారులకి అందాలి.

రెండోది, రామప్ప. 1213 నాటి ఆ కాకతీయ గుడికి 2021లో ప్రపంచ వారసత్వ హోదా వచ్చింది. ఈ హోదాకి మూలమైన 1972 ఒప్పందాన్ని అందరికంటే ముందు ఆమోదించిన దేశం ఏదో తెలుసా? అమెరికానే. 1973లో! తను ముందుండి నిలబెట్టిన పద్ధతిలోనే పాలంపేట గుడికి గౌరవం దక్కింది. ఆ రోజు మాత్రం యునెస్కోలో అమెరికా లేదు.

నా పాయింట్ ఒక్కటే. శాంతికి, చదువుకి మద్దతిస్తున్నాం అని ఏ దేశమైనా స్పీచ్ ఇవ్వగలదు. ఓటు ఓడిపోయిన మర్నాడు కూడా వచ్చి కూర్చుని, చందా కట్టి, గట్టిగా పోట్లాడితేనే అది మద్దతు. ఇది మనకీ వర్తిస్తుంది. రేపు మనకి నచ్చని తీర్మానం పాసైతే, మన దేశం కూడా బయటికి రావాలని సోషల్ మీడియాలో ట్రెండ్ అవుతుంది. అప్పుడు మీరేమంటారు? ఉండి పోట్లాడాలా, లేచి వచ్చేయాలా? కారణంతో సహా కామెంట్ చేయండి. నాతో ఒప్పుకోకపోయినా పర్లేదు, వెళ్లిపోకండి! మళ్లీ కలుద్దాం.