మన పాటలు రాసిపెట్టినవారు



పెనుగంచిప్రోలు తిరునాళ్ళకు మీలో చాలామంది వెళ్ళే ఉంటారు. మునేటి ఒడ్డున వెలసిన ఆ తిరుపతమ్మ తల్లి అనిగండ్లపాడు ఆడపడుచు, పెనుగంచిప్రోలు కోడలు. అత్తింట ఆమె పడ్డ కష్టాలే ఆమె కథ. మా జగ్గయ్యపేట, నందిగామ వైపు ఆడవాళ్ళు ఈ కథను పుస్తకం చూసి నేర్చుకోలేదు. పెద్దవాళ్ళు పాడగా, చెప్పగా చెవిన పడినదే.

అలా చెవిన పడిన పాటలను కాగితం మీద పెట్టినవారిలో డాక్టర్ బిరుదురాజు రామరాజు గారు ముఖ్యులు. 1925లో ఓరుగల్లు ప్రాంతంలో పుట్టారు. పద్యానికే తప్ప పాటకు పీట వేయని రోజుల్లో, ఉస్మానియా విశ్వవిద్యాలయంలో పల్లెపాటల మీదే పరిశోధన చేసి డాక్టరేటు తీసుకున్నారు. ఆ గ్రంథం 'తెలుగు జానపద గేయ సాహిత్యము' 1958లో అచ్చయింది. 2010లో ఆయన కన్నుమూశారు.

అంతకు మూడేళ్ళ ముందే, 1955లో, కృష్ణశ్రీ గారు కూర్చిన 'స్త్రీల రామాయణపు పాటలు' వెలువడింది. వాల్మీకి ఊర్మిళను అట్టే పట్టించుకోలేదు కదండీ! మన అమ్మమ్మలు పట్టించుకున్నారు. వారి పాటలో ఆవిడ పద్నాలుగేళ్ళూ నిద్రపోతుంది. తిరిగొచ్చిన లక్ష్మణుడు లేపబోతే, ఎవరో పరాయివాడనుకుని చీవాట్లు పెడుతుంది. మగని కోసం ఎదురుచూసిన ఇల్లాలికే తట్టే ఊహ అది!

ఈ పని మన దేశంలోనే జరిగిందనుకోకండి. లిథువేనియా పాటలను రేజా అనే ఆచార్యుడు 1825లోనే అచ్చువేయించాడు. ఫిన్లాండులో ఎలియాస్ లోన్‌రోట్ అనే వైద్యుడు పల్లెపల్లె తిరిగి పాటలు రాసుకున్నాడు. వాటిని వరసగా కూర్చి 1835లో 'కాలేవాల' అనే కావ్యంగా తెచ్చాడు. 1849లో దాన్ని ఇంకా పెంచాడు. అయితే కథ కుదరడానికి అక్కడక్కడా తన చరణాలు కూడా కలిపాడట. గొప్ప పనే, కాదనను. నాకు మాత్రం అతుకులు లేని పాటే ఇష్టం.

రైసుమిల్లులొచ్చాక రోకలి మూలపడింది, దానితో దంపుళ్ళ పాటా మూగబోయింది. మీ అత్తగారికో, మేనత్తకో ఒక్క పాట వచ్చినా ఈ వారమే పాడించుకోండి. ఫోనులో రికార్డు చేయండి, తర్వాత నోటుపుస్తకంలోకి ఎక్కించండి. ఆవిడ "వచ్చిండు" అంటే "వచ్చాడు" అని దిద్దకండి. ఏ పని చేస్తూ పాడేవారో అడగండి. ఆవిడ పేరు, పుట్టినూరు తప్పకుండా పక్కన రాయండి. ఊర్మిళ పాట కట్టిన ఇల్లాలి పేరు మనకు మిగల్లేదు.